ఒంటరి నావికుడు – జాషువా స్లోకమ్

పాఠ్యభాగ పరిచయం

ఒక వ్యక్తి జీవితంలోని ముఖ్యఘట్టాలను కాలక్రమంలో వివరించే ప్రక్రియ జీవితచరిత్ర. ఒంటరిగా తెరచాప నావలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి నావికుడు జాషువా స్లోకమ్ జీవితాన్ని ఈ పాఠ్యభాగం పరిచయం చేస్తుంది. సాహసానికి వెనుక ఉండవలసిన ఓర్పును, ముందుచూపును విద్యార్థులకు తెలియజేయడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

అలలపై సాగిపోవడం ఒక విద్య. చేరిన తీరంలో నావను క్షేమంగా నిలుపుకోవడం అంతకంటె కఠినమైన విద్య. ఈ రెండింటిలోను ఆరితేరి, తోడుగా మరొక మనిషి లేకుండా ఒక చిన్న తెరచాప నావలో భూగోళాన్ని చుట్టివచ్చిన మొదటి వ్యక్తి జాషువా స్లోకమ్. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ రేవు నుండి బయలుదేరిన ఆయన మూడు సంవత్సరాల రెండు నెలలకు పైగా ప్రయాణించి, 46,000 మైళ్లకు మించిన సముద్రమార్గాన్ని దాటి, 1898 జూన్ 27న తిరిగి అమెరికా తీరం చేరుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడా తూర్పుతీరంలోని నోవా స్కోషియా ప్రాంతంలో జన్మించాడు. తండ్రి మొదట వ్యవసాయం చేసి, తరువాత బ్రయర్ అనే చిన్న దీవికి కుటుంబాన్ని తరలించి, చెప్పుల దుకాణం పెట్టుకొన్నాడు. పదేళ్ల వయస్సులోనే జాషువా బడి మాని ఆ దుకాణంలో బూట్లు కుట్టే పనికి కూర్చోవలసి వచ్చింది. చేతులు తోలుమీద ఉన్నా అతని మనస్సు ఎదుటనున్న సముద్రంమీదనే ఉండేది. ఒకనాడు రహస్యంగా ఒక చిన్న ఓడ బొమ్మను చెక్కుతూ తండ్రి కంటపడ్డాడు. తండ్రి ఆగ్రహించి ఆ బొమ్మను నేలకు కొట్టి ముక్కలు చేశాడు. పదునాలుగేళ్ల ప్రాయంలో అతడు ఇల్లు విడిచి, చేపల పడవలో వంటవాడుగా చేరాడు. 1860లో తల్లి మరణించడంతో ఇంటితో ఉన్న బంధం తెగిపోయింది. పదహారేళ్ల జాషువా కళాసిగా సముద్రంమీదికి వెళ్లిపోయాడు.

బడి చదువు అంతంతమాత్రమే అయినా, నక్షత్రాలను చూసి ఓడ ఉన్న చోటును లెక్కగట్టే శాస్త్రాన్ని అతడు స్వయంకృషితో నేర్చుకొన్నాడు. కళాసి స్థాయి నుండి మెట్టు మెట్టుగా ఎదిగి, పాతికేళ్ల ప్రాయంలోనే కెప్టెన్ అయ్యాడు. అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్‌ను వివాహమాడాడు. ఆమె భర్తతోపాటు ఓడలోనే కాపురముండి, ఓడలోనే పిల్లలను పెంచింది. వారికి కలిగిన ఏడుగురు సంతానంలో నలుగురు మాత్రమే బ్రతికారు. 1884లో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిర్స్ రేవులో ఓడ లంగరు వేసి ఉండగా వర్జీనియా మరణించింది. ఆ దెబ్బనుండి స్లోకమ్ పూర్తిగా తేరుకోలేదని ఆయన సంతానమే చెప్పుకొనేవారు.

కాలం కూడ ఆయనకు ఎదురు తిరిగింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకొన్న తరువాత ఆవిరి ఓడల ప్రాబల్యం నానాటికి పెరిగింది. గాలిమీద ఆధారపడే తెరచాప ఓడలకు సరుకు దొరకడం గగనమైంది. 1887 చివర బ్రెజిల్ తీరంలో ఆయన సొంత ఓడ అక్విడ్నెక్ ఇసుకమేటలలో చిక్కి ధ్వంసమైంది. దానికి బీమా కూడ లేదు. అప్పుడు ఓడలో ఉన్నవారు రెండవ భార్య హెన్రియెట్టా, కుమారులు విక్టర్, గార్‌ఫీల్డ్. స్లోకమ్ దైన్యానికి లోనుకాలేదు. శిథిలమైన ఓడలో మిగిలిన సామగ్రితోను, స్థానికంగా దొరికిన కలపతోను 35 అడుగుల పడవను స్వయంగా నిర్మించాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన 1888 మే 13వ తేదీననే అది నీటిలో దిగింది. అందుచేత దానికి స్వేచ్ఛ అనే అర్థం గల లిబర్డేడ్ అనే పేరు పెట్టాడు. ఆ పడవలోనే భార్యాబిడ్డలను దాదాపు 5,500 మైళ్లు నడిపించి స్వదేశం చేర్చాడు. హెన్రియెట్టా మాత్రం ఆ తరువాత భర్తతో సముద్రయానానికి ఎన్నడూ సమ్మతించలేదు.

ఇల్లు చేరినా బ్రతుకుతెరువు దొరకలేదు. తెరచాప ఓడల కెప్టెన్‌కు ఆవిరి ఓడల కాలంలో పని ఇచ్చేవారు లేరు. 1892లో ఒక పాత మిత్రుడు ఆయనకు ఒక ఓడను కానుకగా ఇస్తానని మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఫెయిర్‌హావెన్ గ్రామానికి పిలిపించాడు. వెళ్లి చూడగా అది పచ్చికబయలులో గుడ్డ కప్పి ఉంచిన ఒక జీర్ణనౌక. దాని పేరు స్ప్రే, అనగా నీటి తుంపర. దానిని విరగ్గొట్టడానికి వచ్చాడేమోనని ఊరివారు అనుకొన్నారు. స్లోకమ్ ఓక్ చెట్లను నరికి, దూలాలను ఆవిరిలో వంచి, పాత పలకను తీసిన చోట కొత్త పలకను బిగిస్తూ 13 నెలలు శ్రమించాడు. అందుకు ఆయన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పని ముగిసేసరికి 36 అడుగుల 9 అంగుళాల పొడవు, 14 అడుగుల 2 అంగుళాల వెడల్పు గల దృఢమైన నావ సిద్ధమైంది.

ఆ నావలో ఆయన వెంట తీసుకొనిపోయిన పరికరాలు స్వల్పం. దూరసముద్రంలో కాలాన్ని కచ్చితంగా తెలిపే గడియారం ఎంతో అవసరం. తన పాత గడియారం బాగుచేయించడానికి 15 డాలర్లు కావలసి ఉండగా, అంత పెట్టలేక ఆయన అద్దం పగిలిన ఒక రేకు గడియారాన్ని ఒక్క డాలరుకు కొన్నాడు. చంద్రుని గమనాన్ని కొలిచి స్థానాన్ని నిర్ణయించుకొనే పాత పద్ధతి తెలిసి ఉండటంవల్ల ఆ గడియారంతోనే పని గడిచింది. లంగర్ల విషయంలో మాత్రం ఆయన లోభించలేదు. 40, 100, 180 పౌన్ల బరువు గల మూడు లంగర్లను వెంట ఉంచుకొన్నాడు. గడియారం తప్పు చెప్పినా ఆకాశం దారి చూపుతుంది. లంగరు జారితే ఆదుకొనేది ఏదీ ఉండదని ఆ అనుభవశాలికి తెలుసు.

స్లోకమ్ మొదట అట్లాంటిక్ మహాసముద్రాన్ని తూర్పుగా దాటి జిబ్రాల్టర్ చేరాడు. మధ్యధరా సముద్రంలో ఓడదొంగల బెడద ఉన్నదని అక్కడి బ్రిటిష్ నౌకాధికారులు హెచ్చరించగా, దారిని పూర్తిగా మార్చుకొని మరల పడమరగా దక్షిణ అమెరికా వైపు మళ్లాడు. 1895 డిసెంబరులో ఉరుగ్వే తీరాన స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. ఓడను వెనుకకు లాగాలంటే లోతైన నీటిలో లంగరు వేయాలి. ఆయన చిన్న పడవలో లంగరును, మోకును ఎక్కించుకొని అలలలోనికి తెడ్లు వేశాడు. బరువెక్కువై పడవలోనికి నీరు చేరింది. పడవ తలక్రిందులయ్యే క్షణంలో ఆయన లేచి నిలబడి, లంగరును తలపైకి ఎత్తి దూరంగా విసిరివేశాడు. ఆపై పడవ అంచు పట్టుకొని వ్రేలాడాడు. జీవితమంతా సముద్రంమీద గడిపిన ఆయనకు ఈత రాదు! ఎట్టకేలకు ఆ పడవతోనే ఒడ్డు చేరాడు. తరువాత ఇతరుల సాయంతో స్ప్రే మరల నీటిలో తేలింది.

1896 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా కొననున్న మెగెలన్ జలసంధిలో ప్రవేశించాడు. కొండలమీదినుండి హఠాత్తుగా విరుచుకుపడే గాలులకు ఆ ప్రాంతం పేరుపొందింది. అక్కడ లంగరు వేసి నిదురించే ఒంటరివానిని దోచుకొనే వారున్నారని ఒక మిత్రుడు ఆయనకు ఒక సంచి నిండా చిన్న మేకులు ఇచ్చాడు. రాత్రివేళ నిద్రకు ముందు స్లోకమ్ ఆ మేకులను మొనలు పైకి ఉండునట్లు ఓడపై చల్లేవాడు. ఒక రాత్రి చీకటిలో ఓడ ఎక్కినవారు వాటిని త్రొక్కి కేకలు వేస్తూ పారిపోయారు. ఒకసారి పసిఫిక్ సముద్రంలోనికి బయటపడినా, తుఫాను ఆయనను మరల వెనుకకు తరిమింది. పలుమార్లు ప్రయత్నించి ఏప్రిల్ నెలలో జలసంధి దాటగలిగాడు. ఆ తరువాత జువాన్ ఫెర్నాండెజ్ దీవిలో కొద్దిరోజులు ఆగి, అక్కడినుండి 72 దినాలు ఏ రేవునూ తాకకుండా ప్రయాణించి, 1896 జూలైలో సమోవా దీవులలోని ఆపియా పట్టణం చేరాడు. ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ అక్కడనే 1894లో కన్నుమూశాడు. ఆయన భార్య ఫానీ తన భర్త దాచుకొన్న నౌకామార్గ గ్రంథాలను స్లోకమ్‌కు కానుకగా ఇచ్చింది.

ఇక్కడినుండి ఆయన ప్రయాణం ఉష్ణమండల దీవుల రేవులగుండా సాగింది. ఒంటరి నావికుడు రేవులో నావను ఎట్లు నిలుపుతాడో తెలుసుకొంటే ఆ ప్రయాణం విలువ బోధపడుతుంది. మొదట గాలి వీచే దిక్కును గమనించి, దీవికి గాలిచాటున ఉన్న తావును ఎన్నుకోవాలి. తాడుకు కట్టిన సీసపు గుండును నీటిలోనికి వదలి లోతు కొలవాలి. గుండు అడుగున కొవ్వు పూసి ఉంచితే, దానికి అంటుకొని వచ్చిన ఇసుకనో బురదనో చూసి క్రింది నేల ఎట్టిదో తెలుసుకోవచ్చు. ఇసుకలోను, బురదలోను లంగరు నాటుకుంటుంది. రాతినేలలో జారిపోతుంది, లేదా ఇరుక్కొని తిరిగి రాదు. పగడపు దిబ్బల అంచులు మోకులను కోసివేస్తాయి. తగిన చోటు దొరికిన తరువాత నావ ముఖాన్ని గాలికి ఎదురుగా త్రిప్పి, తెరచాపలు దించి, నావ ఆగి వెనుకకు జరుగుతుండగా లంగరు వదలాలి. నీటి లోతుకు అనేక రెట్లు గొలుసు వదిలితేనే లాగుడు ఏటవాలుగా పడి, లంగరు కొక్కెం నేలలో దిగుతుంది. చివరగా ఒడ్డుమీద రెండు గుర్తులను చూసి పెట్టుకోవాలి. వాటి వరుస చెదరనంతవరకు లంగరు పట్టు నిలిచినట్లే. పెద్ద ఓడలో పలువురు పంచుకొనే ఈ పనులన్నీ స్లోకమ్ ఒక్కడే చేసుకొనేవాడు.

ఆస్ట్రేలియా ఉత్తరకొనలోని థర్స్‌డే దీవినుండి హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు 2,700 మైళ్లు. ఆ దూరాన్ని స్ప్రే 23 దినాలలో దాటింది. తెరచాపలను, చుక్కానిని సరితూగేటట్లు కట్టివేస్తే నావ తనంతట తాను దారి తప్పక సాగిపోయేది. అన్ని దినాలలో ఆయన చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలకు మించదు. 1897 జూలై 17న ఒక తెల్లని పక్షి ఎగిరివచ్చి నావచుట్టూ తిరిగింది. దీవుల దారి చూపే పక్షి అని నావికులు దానిని గౌరవించేవారు. తరువాత కొబ్బరిచెట్ల తలలు నీటిమీద కనిపించాయి. మహాసముద్రంలో రాని గండం ఆ ప్రశాంతమైన దీవులలో వచ్చింది. గవ్వజాతి చిప్పలు ఏరడానికి స్లోకమ్ ఒక స్థానికునితో కలిసి పాత పడవలో బయలుదేరాడు. గాలి పడవను బయటి సముద్రంవైపు నెట్టింది. పడవలో తెడ్లు లేవు. లంగరు ఉన్నది గాని, అడుగు అందేటంత తాడు లేదు. గాలి నెట్టే దిక్కున ఆఫ్రికా తీరం 3,000 మైళ్ల దూరంలో ఉన్నది. త్రాగడానికి చుక్క నీరు లేదు. అదృష్టవశాత్తు పడవలో ఒక గెడ దొరికింది. దానినే తెడ్డుగా వేసి, అతికష్టంమీద లోతు తక్కువ గల నీటిని చేరారు. ఎంత అనుభవశాలి అయినా సన్నాహం లేనినాడు రేవులోనే మునిగిపోగలడని ఈ సంఘటన తెలుపుతున్నది.

1897 సెప్టెంబరు 19న స్ప్రే మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవు బయట లంగరు వేసింది. ఫ్రెంచి పాలకులు పద్దెనిమిదవ శతాబ్దంలో తీర్చిదిద్దిన ఈ రేవుపట్టణం తెలుగువారికి పరాయిది కాదు. 1834 నుండి భారతదేశపు కూలీలు లక్షల సంఖ్యలో ఒప్పందపు పనికై చెరకుతోటలకు వెళ్లి ఈ రేవులోనే దిగారు. వారిలో తెలుగువారు కూడ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవునుండి ఓడ ఎక్కినవారు పలువురు ఉండటంచేత అక్కడి తెలుగువారికి కోరంగివారనే పేరు వచ్చింది. అంటురోగాల భయంచేత వచ్చిన ప్రతి ఓడను వైద్యుడు పరీక్షించిన తరువాతనే లోనికి అనుమతించేవారు. ఆనాడు వచ్చిన వైద్యాధికారి ఓడ సిబ్బందినందరినీ చూపమన్నాడు. ఎదుట నిలిచినవాడు ఒక్కడే. అధికారి నమ్మలేక కాగితాలను తిరగవేశాడు. రేవు రేవునా నమోదైన సిబ్బంది సంఖ్య ఒకటి. ఇంతదూరం ఒంటరిగా రాగలిగినవానికి ఆరోగ్యపరీక్ష అనవసరమని భావించి ఆయన అనుమతి ఇచ్చాడు. ఆఫ్రికా దక్షిణకొనన అది ఇంకా తుఫానుల కాలం. స్లోకమ్ తొందరపడలేదు. పోర్ట్ లూయీ నాటకశాలలో తన యాత్రను గురించి ఉపన్యసిస్తూ, దీవిలోని ఊళ్లను చూస్తూ నెలకు పైగా అక్కడనే ఆగి, అక్టోబరు 26న లంగరు ఎత్తాడు.

దక్షిణాఫ్రికాలో ఆయన ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్‌ను కలుసుకొన్నాడు. భూమి బల్లపరుపుగా ఉన్నదని నమ్మే క్రూగర్, భూమిని చుట్టివస్తున్న మనిషి ఎదురుగా నిలిచినా ఆ సంగతి అంగీకరించలేదు.

1898 ఏప్రిల్ 11న స్ప్రే సెయింట్ హెలీనా దీవిలోని జేమ్స్‌టౌన్ రేవు చేరింది. దక్షిణ అట్లాంటిక్ మధ్య ఏకాకిగా నిలిచిన ఈ దీవిలో ఈస్టిండియా కంపెనీ 1659లో స్థావరం ఏర్పరచింది. నెపోలియన్ 1815 నుండి 1821లో మరణించేవరకు ఇక్కడనే బందీగా ఉన్నాడు. రెండు నిటారైన కొండల నడుమ ఇరుకైన లోయలో పట్టణం ఒదిగి ఉంటుంది. ఓడలకు గోడల రక్షణ లేదు. దీవి వాయవ్యపు ప్రక్కన గాలిచాటే వాటికి ఆశ్రయం. ఎండలో గాలి కనిపించకపోయినా దూరపు తుఫానుల అలలు ఒక్కొక్కప్పుడు ఇక్కడ విరుచుకుపడతాయి. 1846లో అట్లు లేచిన అలలకు లంగరు వేసి ఉన్న అనేక ఓడలు ధ్వంసమయ్యాయి. ఒకప్పుడు భారతదేశం నుండి ఇంగ్లండుకు పోయే ఓడలన్నిటికీ నీరు, ఆహారం అందించిన ఈ పట్టణం సూయజ్ కాలువ తెరుచుకొన్న తరువాత కళ తప్పింది. స్లోకమ్ బ్రతుకుతెరువును హరించిన మార్పే జేమ్స్‌టౌన్ సంపదనూ హరించింది. కాలం ప్రక్కకు నెట్టిన నావికుణ్ణి కాలం ప్రక్కకు నెట్టిన రేవు ఆదరంతో చేర్చుకొన్నది. గవర్నర్ స్టెర్న్‌డేల్ ఆయనకు ఆతిథ్యమిచ్చాడు. భారతదేశపు క్షీరజంతువులను గురించి గ్రంథం రచించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడీయన. దీవిలో ఒకరు స్లోకమ్‌కు తోడుగా ఒక మేకను బహూకరించారు. అది కట్టిన త్రాళ్లు తెంపుకొని, ఆయనకు అత్యవసరమైన కరేబియన్ సముద్రపటాన్ని, గడ్డి టోపీని నమిలివేసింది. అసెన్షన్ దీవిలో దానిని దింపివేసి ఆయన మరల ఒంటరి అయ్యాడు. ఆ దీవిలోనే ఒక అధికారి నావను గాలించి, ఆయన తప్ప వేరొకరు లేరని నిర్ధారించాడు.

స్వదేశం చేరేసరికి అమెరికాకు, స్పెయిన్‌కు యుద్ధం జరుగుతున్నది. న్యూపోర్ట్ రేవుముఖంలో శత్రువుల ఓడలకై ప్రేలుడు మందుపాతరలు అమర్చి ఉంచారు. 1898 జూన్ 27 అర్ధరాత్రి దాటిన తరువాత స్లోకమ్ ఒడ్డు రాళ్లను ఆనుకొని నావను నడిపి లోనికి చేరాడు. ఒక వారంలోగా స్ప్రేను ఫెయిర్‌హావెన్‌కు తీసుకొనిపోయి, మొదటిసారి నీటిలో దించిననాడు కట్టిన దేవదారు గుంజకే మరల కట్టివేశాడు.

ఈ యాత్రను ఆయన ప్రపంచాన్ని చుట్టి ఏకాకి నౌకాయానం అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథస్థం చేశాడు. 1900లో వెలువడిన ఆ గ్రంథం నేటికీ ముద్రణలో ఉన్నది. మూడవ తరగతి దాటని మనిషి వ్రాసిన ఆ పుస్తకంలో ఆడంబరం లేదు. వచ్చిన ధనంతో ఆయన మార్తాస్ వినియర్డ్ దీవిలో ఇల్లు, పొలం కొన్నాడు. కాని నేల ఆయనను నిలుపలేకపోయింది. చలికాలం వచ్చిందంటే స్ప్రేలో వెచ్చని దీవులకు వెళ్లిపోయేవాడు. 1909 నవంబరులో 65 ఏళ్ల వయస్సులో దక్షిణ అమెరికాకని బయలుదేరాడు. ఆ తరువాత ఆయనగాని, నావగాని ఎవరికీ కనిపించలేదు. 1924లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది.

స్లోకమ్ చూపిన దారిలో తరువాత పలువురు నడిచారు. 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నావలో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. చుక్కాని చెడగా వారు ఆగి బాగుచేసుకొన్నది కూడ స్లోకమ్ ఆగిన పోర్ట్ లూయీ రేవులోనే.

స్లోకమ్‌ను సాహసి అని మాత్రమే తలచడం పొరపాటు. హెచ్చరిక వింటే దారి మార్చుకొన్నాడు; ఋతువు అనుకూలించకపోతే ఆగాడు; ధనం లేనప్పుడు గడియారంలో పొదుపు చేశాడు గాని లంగరులో చేయలేదు. ఎక్కడ ఆగాలో, ఎంతకాలం ఆగాలో తెలిసినవాడే దూరం పోగలడు. జీవనోపాధి పోయిన యాభయ్యేళ్ల మనిషి, పచ్చికలో పాడుబడిన నావను బాగుచేసుకొని లోకాన్ని చుట్టిరావడం వెనుకనున్న రహస్యం అదే.

కఠిన పదాలు – అర్థాలు

జీర్ణనౌక : పాడైపోయిన ఓడ
కళాసి : ఓడలో పనిచేసేవాడు
మోకు : లావుపాటి తాడు
గాలిచాటు : గాలి నేరుగా తాకని చోటు
చుక్కాని : ఓడను త్రిప్పే సాధనం
గెడ : పడవను నెట్టే పొడవైన కర్ర
దైన్యం : దీనత్వం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్లోకమ్ స్ప్రే నావను పునర్నిర్మించిన విధాన్ని, అందుకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ఒంటరి నావికుడు రేవులో లంగరు వేసే పద్ధతిని పాఠ్యభాగం ఆధారంగా విశదీకరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కీలింగ్ దీవులలో స్లోకమ్‌కు ఎదురైన గండం ఎట్టిది?
2. పోర్ట్ లూయీ రేవుకు, తెలుగువారికి గల సంబంధం తెలపండి.
3. జేమ్స్‌టౌన్ పట్టణానికి, స్లోకమ్ జీవితానికి గల పోలికను వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. స్లోకమ్ వెంట తీసుకొనిపోయిన లంగర్లు ఎన్ని?
2. లిబర్డేడ్ అనగా అర్థం ఏమి?
3. స్లోకమ్ యాత్రాగ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది?